సుల్తాను నూతికాడ కొబ్బరి మొక్క

మా తాత మడ్డు పెంటయ్య గురించి మా ఊళ్ళో చెప్పుకునే మాటల్లో సగానికి సగం కోతలే. అరబ్బు సుల్తానుకి కుడిభుజమట, ఆయన పక్కన లేనిదే సుల్తాను ముద్ద ముట్టేవాడు కాదట, ఒంటె మీద కత్తి దూసి యుద్ధానికి వెళ్ళాడట. మా తాత ఒంటె ఎక్కింది ఒక్కసారి. ఎక్కిన వైపు నుంచి కాక రెండో వైపు నుంచి దిగాడు, అదీ తలకిందులుగా. ఈ మాట ఆయన నోటితో ఆయనే చెప్పాడు. కూతురి కూతుర్ని, ఆ ముసలాయన వీపెక్కి పెరిగినదాన్ని, నాకు తెలియనిది కాశీబుగ్గ సంతలో చుట్టలు కాల్చుకునేవాళ్ళకి ఎలా తెలిసిందో మరి. ఒళ్ళు మండి, ఉన్నది ఉన్నట్టు నేనే చెబుతున్నాను.

ఇది మొదటి జర్మనీ యుద్ధానికి రెండు మూడేళ్ళ ముందు మాట. మా తాత మద్రాసు పయనీర్ల పల్టనులో హవల్దారుగా చేసి పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాడు. పయనీర్లంటే ఒక భుజాన తుపాకీ, ఇంకో భుజాన పార. సైన్యం నడవడానికి రోడ్డు వెయ్యాలన్నా, దాక్కోవడానికి కందకం తవ్వాలన్నా వాళ్ళే. మా ఉద్దానం ఇసకలో నూతులు తవ్వి పెరిగిన మనిషికి అంతకంటే తగిన కొలువు ఇంకేముంది? ఆ పార పట్టుకునే దేశమంతా తిరిగాడు. మా అమ్మమ్మ రాజులమ్మ మాత్రం పూండి స్టేషనుకి తూర్పున, సముద్రపు హోరు వినిపించే మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఆవిడ ఆయనకి స్వయానా అక్క కూతురు. పెళ్ళయ్యాక కూడా మావా అనే పిలిచేది. పెళ్ళయిన నాటి నుంచి ఇద్దరూ కలిసి ఉన్న రోజులు సెలవుల్లో వచ్చినప్పటివే.

పుట్టింటివాళ్ళు ఆవిడకి పసుపు కుంకాల కింద సముద్రం వైపు కాస్త ఇసక భూమి ఇచ్చారు. అందులో కొబ్బరితోట వెయ్యాలని ఆవిడ కోరిక. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు కొబ్బరి మొక్క నాటడానికి ఇద్దరు కావాలి. గొయ్యి ఒకరు తవ్వుతారు. అడుగున ఉప్పు ఇంకొకరు వేస్తారు. ఉప్పు వెయ్యకపోతే మొక్కకి చెద పడుతుంది, అది అందరికీ తెలిసిందే. కానీ తవ్విన చెయ్యే ఉప్పు వెయ్యకూడదు. మగడు తవ్వితే పెళ్ళాం, అన్న తవ్వితే చెల్లెలు, ఎవరూ లేకపోతే పొరుగింటివాళ్ళనైనా పిలవాలి. ఎందుకని అడిగితే మా ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. అడిగినవాణ్ణి మాత్రం వింతగా చూస్తారు.

మా తాత ఇంటికొచ్చిన మొదటి వానాకాలానికే నాటేద్దామనుకున్నారు. మొక్కలకి కాయలు కూడా ఏరి నీడలో పెట్టుకుంది మా అమ్మమ్మ. అంతలో పాత పల్టను నుంచి కబురొచ్చింది. మస్కట్ దాటాక అరబ్బు తీరంలో ఒక చిన్న రేవు ఉందట. దానికో సుల్తాను, ఆ సుల్తానుకో సైన్యం. వాళ్ళకి కందకాలూ కవాతూ నేర్పడానికి అనుభవమున్న మనిషి కావాలట. ఉద్యోగం పేరు సలహాదారు. మా తాతకి కాదనడం చేతకాలేదు. పాత దొర కబురు పెడితే చాలు, ఇంట్లో మంచం మీద ఉన్నా కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చే అలవాటు ఆయనది.

పూండి స్టేషనులో రైలెక్కించడానికి వచ్చిన మా అమ్మమ్మ ఏడవలేదు. ఆవిడ ఏడిచే రకం కాదు, కోప్పడే రకం. రైలు కనిపించాక నోరు విప్పింది.

"మావా, నా బూమిలో మొదటి గొయ్యి నువ్వే తవ్వాల. నువ్వొచ్చీదాకా ఆ బూమి అలగే ఉంటాది. ఎవుల్నీ పార ఎట్టనివ్వను."

"నా సేత్తో నాటీ మొదటి మొక్క నీ బూమిలోనే నాటతానే రాజులూ," అన్నాడు మా తాత. "ఇంకెక్కడా నాటను."

ఆ మాట మీదే ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది. రైలు కదిలేదాకా కూడా ఆగలేదట.

ఇక ఆ సైన్యం సంగతి. మా తాత ఓడ దిగేసరికి సైన్యం నిద్రపోతోంది. మధ్యాహ్నం ఎండలో అక్కడ అందరూ నిద్రపోతారు, అది తప్పు కాదు. సాయంత్రం లేచాక చూస్తే అరవై డెబ్భై మంది ఉంటారు. సగం మంది చేపలు పట్టేవాళ్ళు, కొందరు ఒంటెల వాళ్ళు, ఒకతను మంగలి. తుపాకులున్నాయి గానీ వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. కోట అంటే ఒక మట్టి గోడ, ఆ గోడ లోపల ఒక నుయ్యి. చుట్టుపక్కల తీరమంతటికీ తియ్యనీళ్ళ నుయ్యి అదొక్కటే. ఆ కోటకీ, ఆ సుల్తానుకీ, ఆ సైన్యానికీ కూడా కారణం ఆ నుయ్యే. కొండల్లో ఉండే పగవాళ్ళు దాని మీద కన్నేసి ఉన్నారు.

సేనాని పేరు సాలెం. తెల్లగడ్డం, పెద్ద బొజ్జ, ఎప్పుడూ నవ్వే మొహం. కుర్రతనంలో బొంబాయిలో సరుకు దింపిన మనిషి కాబట్టి హిందూస్తానీ వచ్చు. మా తాతకి పల్టను హిందూస్తానీ వచ్చు. ఇద్దరికీ కుదిరింది. ఒప్పందం కూడా నోటిమాటే. సైన్యం తయారైందని సాలెం చెప్పిన రోజున మా తాత ఇంటికి పోవచ్చు. అంతవరకు పోకూడదు. ఇదెంత, ఒక చలికాలం పని అనుకున్నాడు పాపం ఆయన.

మర్నాడు పొద్దున్న వాళ్ళని వరసలో నిలబెట్టి ఎడమకి తిరగమన్నాడు. ఒక్కడూ తిరగలేదు. ముందున్నవాడు చాలా మర్యాదగా, ఎందుకు అని అడిగాడు. పక్కవాడు, అటు ఎండ కొడుతోంది, కుడికి తిరిగితే నీడ కదా అన్నాడు. మంగలి వచ్చి మా తాత మీసం చూసి, ఇది నేను సరిచేస్తాను కూర్చో అన్నాడు. మా తాత సాలెం దగ్గరికి వెళ్ళి, ఇదేం సైన్యం, చెప్తే వినరేం అని గోలపెట్టాడు. సాలెం ఆశ్చర్యపోయాడు. కారణం తెలియకుండా ఎటైనా తిరిగేవాడు గొడ్డు గానీ మనిషెలా అవుతాడు అన్నాడు. పల్టనులో అన్నేళ్ళున్నా ఎడమకి ఎందుకు తిరుగుతున్నాడో మా తాతనెవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు.

కందకాలు తవ్వమంటే, అవి వానకి పూడిపోతాయి కదా అన్నారు. అక్కడ వాన పడితే ఊరంతా పండగ చేసుకుంటారు, అంత అరుదు. కాపలా కాయమంటే కాసేవారు, కానీ ఒక్కళ్ళే ఉంటే తోచదని నలుగురైదుగురు కలిసి కూర్చుని, కాఫీ కాచుకుని, దారినపోయే వాళ్ళని కూడా పిలిచేవారు. పగవాడొస్తే అని మా తాత అడిగితే, వస్తే వాడికీ ఒక గిన్నె పోస్తాం, కబుర్లు చెప్తే ఎందుకొచ్చాడో తెలుస్తుంది కదా అన్నారు. మా తాత సలహాలు రోజూ చెప్పాడు. వాళ్ళు రోజూ శ్రద్ధగా విన్నారు. సలహాదారు అనే ఉద్యోగం చెప్పడం వరకే, జరగడం దాకా కాదని ఆయనకి అప్పుడు తెలిసింది.

అసలు చిక్కు అది కాదు. సాలెంకి మా తాతంటే ప్రాణం అయిపోయింది. సాయంత్రాలు తోచక మా తాత ఇసకలో గీతలు గీసి పులిజూదం నేర్పాడు. అది ఆయన చేసిన తెలివితక్కువ పని. పులులు ఖర్జూరపు గింజలు, మేకలు గవ్వలు. ముసలాయన దానికి అతుక్కుపోయాడు. సైన్యం తయారైందా అని అడిగితే, ఇంకా ఎక్కడ, ఈ పూట నువ్వు పులుల వైపా మేకల వైపా అనేవాడు. వరస కాస్త తిన్నగా నిలబడ్డ రోజున మా తాత సంబరపడి పిలుచుకొచ్చి చూపిస్తే, బాగుంది, ఇంత బాగా నేర్పేవాణ్ణి ఎలా వదులుకుంటాం అనేవాడు. నిలబడని రోజున, చూశావా, ఇంకా నేర్చుకోలేదు అనేవాడు. ఎటు చూసినా ఇంటి దారి మూసే ఉంది. మా ఊళ్ళో ఒక వానాకాలం పోయింది. రెండోదీ పోయింది.

అప్పుడు మలబారు నుంచి ఒక ఓడ రేవులో ఆగింది. కొబ్బరికాయలు తెచ్చింది. ఖర్జూరం తప్ప మరో చెట్టు ఎరగని ఊరు అది. మా తాత కాయ వాసనకే ఓడ దగ్గరికి పరుగెత్తాడు. ఓడ అడుగున చెమ్మకి ఒక కాయ మొలకెత్తి ఉంది. పచ్చటి మొలక, రెండు ఆకులు. ఓడవాళ్ళు దాన్ని పారెయ్యబోతుంటే అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని రెండు రోజులు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. మూడో రోజుకి ఆకు వాడుతోంది. నాటకపోతే చస్తుంది. నాటితే మా అమ్మమ్మకిచ్చిన మాట చస్తుంది.

ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. "ఇంక నన్నొగ్గరనుకున్నానే అమ్మా. ఇక్కడే పోతానని ఖాయం సేసుకున్నాను. ఆ రెండాకులు సూస్తే మీ అమ్మమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చీసింది," అన్నాడు. కొబ్బరి చెట్టు కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అది నాటుతున్నాడంటే ఆయన ఇంటి మీద ఆశ వదులుకున్నాడన్నమాటే.

తెల్లవారుతూనే మొక్క పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు తోడినప్పుడు ఒలికినవి పారే చోటు చూసి గొయ్యి తవ్వాడు. ఉప్పు కావాలి. చేపలు ఎండబెట్టే ఊళ్ళో ఉప్పుకేం తక్కువ, బుట్టెడు మోసుకొచ్చాడు. గొయ్యి అడుగున దోసిళ్ళతో ధారగా పోశాడు. ఊరంతటికీ ఉన్న ఒక్కగానొక్క తియ్యనీళ్ళ నూతి పక్కన, పరాయి దేశపు మనిషి, ఎవరూ లేవకముందే వచ్చి, గొయ్యి తవ్వి ఉప్పు పోస్తున్నాడు. చూసినవాళ్ళకి ఏమనిపిస్తుందో ఆయనకి తట్టనే లేదు. ఉద్దానంలో పుట్టినవాడికి అది తట్టదు. కొబ్బరి గోతిలో ఉప్పు పడటం మా కళ్ళకి అన్నంలో కూర పడటం లాంటిది. కానీ ఆ దేశంలో నూతి దగ్గర ఉప్పు పొయ్యడం అంటే ఊరికి గోరీ కట్టడం. కొండల్లో పగవాళ్ళు వాళ్ళ తాతల కాలంలో ఒక ఊరిని అలాగే ఖాళీ చేయించారట.

మంగలి చూశాడు. అరవలేదు. వెళ్ళి పక్కవాణ్ణి లేపాడు.

మా తాత మన్ను కప్పి తల ఎత్తేసరికి చుట్టూ సైన్యం ఉంది. రెండు వరసలు, తుపాకులు సమానంగా, మనిషికీ మనిషికీ మధ్య ఆయన నేర్పిన దూరమే. అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు. చివరనున్న ఒంటెలవాడు మెల్లగా ఒక మాట అనగానే ఎడమ వరస ఎడమకి, కుడి వరస కుడికి తిరిగి దారి మూసేశాయి. ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు.

భయపడాలి కదా? మా తాత భయపడలేదు. ఛాతీ ఉబ్బిపోయిందట. అన్నాళ్ళుగా గొంతు చించుకున్నా కుదరనిది కళ్ళెదుట అచ్చుపోసినట్టు కనిపిస్తుంటే, తనని పట్టుకోవడానికి వచ్చారన్న సంగతే మరిచిపోయాడు. చేతుల ఉప్పు దులుపుకుని, వరస వెంట నడిచి, మంగలి తుపాకీ కాస్త వాలి ఉంటే దాన్ని సరిచేశాడు. ఆ తర్వాత వాళ్ళే ఆయన రెక్కలు వెనక్కి విరిచి కట్టారు.

కొన్నాళ్ళు గదిలో పెట్టారు. కొబ్బరి అని చెప్పాడు, చెద అని చెప్పాడు, మా ఊళ్ళో ఇంతే అని చెప్పాడు. ఖర్జూరానికి ఎవరైనా ఉప్పు పోస్తారా అని వాళ్ళ ప్రశ్న. సాలెం మాత్రం రోజూ పొద్దున్నే నూతి నీళ్ళు ముందు తనే నోట్లో పోసుకుని చూసేవాడు. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. అలా తియ్యగా ఉన్న కొద్దీ ముసలాయన మొహం వాడిపోయింది. ఆఖరికి ఒకరోజు మా తాతని బయటికి తెచ్చి, సైన్యాన్నంతా పిలిచి, అందరి ముందూ ఆయన తల నిమిరి, మాదే తప్పు, ఏం కావాలో అడుగు, ఇస్తాను అన్నాడు.

మా తాత ఏమీ కోరలేదు. ఒక మాట అడిగాడు.

"ఆ రోజు నన్ను పట్టుకున్న సైన్యం తయారైనట్టా, కానట్టా?"

సాలెంకి వెంటనే అర్థమైంది. అయినట్టంటే మా తాత వెళ్ళిపోతాడు. కానట్టంటే, ఎదురుగా తుపాకులు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళందరికీ తలవంపు. ముసలాయన వాళ్ళ వంక చూశాడు, పులిజూదం గీతలున్న చోటు వంక చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"తయారైంది," అన్నాడు. అని కళ్ళు తుడుచుకున్నాడు. మొక్కకి నీళ్ళు నేనే పోస్తానని కూడా అన్నాడు.

మా తాత ఇల్లు చేరేసరికి మా ఊళ్ళో తొలకరి పడింది. పూండి స్టేషను నుంచి నడిచొచ్చిన మనిషి చుట్టూ ఊరంతా మూగింది. కాళ్ళు కడుక్కుని అంబలి తాగీ తాగకముందే మొదలుపెట్టాడు. ఒంటె మీంచి పడ్డది చెప్పాడు, మంగలి మీసం సంగతి చెప్పాడు, జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ ఊపులో ఉప్పు కథ కూడా చెప్పేశాడు. వరసలు కట్టిన తీరు, తాను తుపాకీ సరిచేసిన తీరు లేచి చేసి మరీ చూపించాడు. అందరూ నవ్వుతున్నారు. అంబలి ముంత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా అమ్మమ్మ నవ్వలేదు. ముంత అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తానేం చెప్పాడో మా తాతకి అప్పుడు తెలిసొచ్చింది. కథ సగంలో ఆపేసి చతికిలబడ్డాడు.

ఆ రాత్రి ఆవిడ అన్నం పెట్టి, వెళ్ళి పడుకుంది. తెల్లారి చూస్తే ఇంట్లో లేదు. ఎక్కడుంటుందో మా తాతకి తెలుసు. పార భుజాన వేసుకుని సముద్రం వైపు నడిచాడు. భూమి ఆయన వదిలివెళ్ళినట్టే ఉంది, బోడిగా, పార పడకుండా. గట్టున తాటాకుల నీడలో కొబ్బరి మొక్కలు బారులు తీరి ఉన్నాయి. రెండు వానాకాలాలు ఎదురుచూసి మోకాళ్ళ ఎత్తు దాటి పెరిగిపోయాయి. వాటి పక్కన ఉప్పు బుట్ట పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది.

మా తాత పార కింద పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. సుల్తాను సైన్యం ముందు ఉబ్బిన ఛాతీ అక్కడ ఉబ్బలేదు.

"మొదటి మొక్క అక్కడ నాటీసినావన్నమాట," అంది ఆవిడ.

"నాటీసినాను."

"గొయ్యెవులు తవ్వినారు?"

"నానే."

"ఉప్పెవులేసినారు?"

"ఇంకెవులున్నారే నాకక్కడ? నానే ఏసుకున్నాను. నీ పేరు సెప్పి ఏసినాను, రాజులూ."

ఆవిడ లేచి, కొంగు నడుముకి బిగించి, బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు ఉప్పు తీసింది.

"పేరు సాల్దు మావా, సెయ్యి పడాల. తవ్వినోడే ఉప్పేసుకుంటే అది నాటినట్టు కాదు," అంది. "ఇదే మొదటిది. గొయ్యి తవ్వు."

మా తాత పార అందుకున్నాడు.